అమ్మ కిడ్నీయా, తమ్ముడి కిడ్నీయా? ఎవరిది ఎక్కువ కాలం నిలుస్తుంది?

మహేంద్రతనయ
పేషెంటు 34 ఏళ్ల మనిషి. ఉండేది పర్లాకిమిడిలో, పుట్టి పెరిగింది కవిటి మండలంలో. షుగర్ లేదు. బీపీ మొదట్లో లేదు, ఇప్పుడుంది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ 7.5 సెంటీమీటర్లకి కుంచించుకుపోయాయి. అయిదు నెలలుగా వారానికి రెండు డయాలసిస్‌లు. గ్రూపు బి పాజిటివ్.

ఇస్తామని ముగ్గురు ముందుకొచ్చారు.
అమ్మ: 58 ఏళ్లు, ఓ పాజిటివ్, 46 కిలోలు, బీపీకి రోజూ ఒక మాత్ర, క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసే వ్యర్థం, రక్తంలో పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) 0.8.
తమ్ముడు: 29 ఏళ్లు, బి పాజిటివ్, పెళ్లి కాలేదు, క్రియాటినిన్ 1.2, యూరిన్‌లో ప్రోటీన్ నిల్.
భార్య: 30 ఏళ్లు, ఏ పాజిటివ్. మేనమామ కూతురే.

అమ్మా తమ్ముడూ ఇప్పటికీ ఊళ్లోనే ఉంటారు. చుట్టాలందరూ తమ్ముడిదే పెట్టాలంటున్నారు, కుర్రాడిది, గ్రూపు కూడా అదే అని. అమ్మ ఒక్కతే తనదే తీసుకోమని పట్టుబడుతోంది. ఎవరిది పెడితే ఎక్కువ కాలం నిలుస్తుంది?

బరంపురం_బుజ్జి
తమ్ముడిదే. ఆలోచించడానికేముంది ఇందులో? 29 ఏళ్ల కిడ్నీకి, 58 ఏళ్ల కిడ్నీకి పోలికా?

గుణుపురం_ఫార్మా
గ్రూపు అదే అయితే అంతకంటే మంచిది ఇంకోటి ఉండదు. తమ్ముడికే నా ఓటు కూడా.

నెఫ్రో_వైజాగ్
ఇద్దరూ కాస్త ఆగండి. ముందు గ్రూపు సంగతి. బి వాళ్లకి బి ఇవ్వచ్చు, ఓ కూడా ఇవ్వచ్చు. రెండింటి ఫలితంలో తేడా లేదు. కాబట్టి గ్రూపు లెక్కలో అమ్మా తమ్ముడూ సమానమే. ఆర్‌హెచ్, అంటే పాజిటివ్ నెగెటివ్, కిడ్నీకి అడ్డం రాదు.

ఇక మ్యాచింగ్. హెచ్ఎల్ఏ అంటే ఇది తన కణమా పరాయిదా అని ఒళ్లు గుర్తుపట్టే గుర్తులు. అందులో ఏ, బి, డీఆర్ అని మూడు చోట్లు చూస్తారు, తల్లి నుంచి మూడు, తండ్రి నుంచి మూడు, మొత్తం ఆరు. తల్లికీ బిడ్డకీ ఎప్పుడూ సగం కలుస్తుంది, తక్కువ కాదు. అన్నదమ్ములకి అలాగ కాదు. నూటికి 25 మందికి పూర్తిగా కలుస్తుంది, 50 మందికి సగం, మిగతా 25 మందికి వారసత్వంగా ఏమీ కలవదు. తమ్ముడు కాబట్టి బాగా కలుస్తుందని టెస్టు చేయకుండా ఎవరూ చెప్పలేరు.

ఆరుకి ఆరు కలిస్తే మాత్రం దానంత నిలిచేది లేదు, మందులు కూడా తగ్గించి నడపొచ్చు. సగం కలిసినదానికీ అసలు కలవనిదానికీ మధ్య తేడా ఇప్పటి మందులతో బాగా తగ్గిపోయింది.

కాశీనగరం_శ్రీను
మరి భార్యది అసలు కలవదు కదా, అది పెడితే రిజెక్ట్ అయిపోదా?

నెఫ్రో_వైజాగ్
శ్రీను గారూ, ఈ అనుమానం 1995లోనే తీరిపోయింది. అమెరికాలో టెరసాకి బృందం లెక్క తీసింది. మూడేళ్ల తర్వాత పనిచేస్తున్న కిడ్నీలు చూస్తే భార్యాభర్తలు ఇచ్చినవి నూటికి 85, తల్లిదండ్రులు ఇచ్చినవి 82, చనిపోయినవాళ్ల నుంచి తీసినవి 70. హెచ్ఎల్ఏ కలవకపోయినా భార్య కిడ్నీ తల్లి కిడ్నీతో సమానంగా నడిచింది. కారణం కిడ్నీ దెబ్బతినకుండా రావడం. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుంచి తీస్తారు, గంటా రెండు గంటల్లో రక్తం పారుతుంది. మరణించిన దాతది ఎన్నో గంటలు ఐస్‌లో ఉంటుంది.

ఇవి పాత అంకెలు. ఇప్పుడు బతికున్న దాత కిడ్నీ ఏడాదికి నూటికి 95 పైన, అయిదేళ్లకి 85 చుట్టుపక్కల పనిచేస్తున్నాయి. సగం కిడ్నీలు ఆగిపోయేసరికి పట్టే కాలం 15 నుంచి 20 ఏళ్లు.

ల్యాబ్_మూర్తి
ఆ లెక్కలోనే ఇంకోటుంది. భర్త భార్యకి ఇస్తే, ఆవిడకి కాన్పులు అయి ఉంటే ఫలితం తగ్గుతుంది, 76. కడుపులో బిడ్డ ద్వారా భర్త తాలూకు యాంటీజెన్లు ఒంటికి తగిలి యాంటీబాడీలు తయారై ఉంటాయి. ఇక్కడ తీసుకునేది మగమనిషి కాబట్టి ఆ గొడవ లేదు.

భార్య మేనమామ కూతురు అన్నారు. అంటే వరసకి మరదలు, రక్తానికి బంధువు. మేనరికంలో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది, సగం హెచ్ఎల్ఏ కలవడానికి. మేనమామనే చేసుకున్న ఇళ్లలో అయితే రెండింట ఒకటి. కాబట్టి మన వైపు భార్యాభర్తలకి కూడా టైపింగ్ చేయించకుండా కలవదని కొట్టేయకూడదు.

బరంపురం_బుజ్జి
కలిసినా ఆవిడ గ్రూపు ఏ కదా మూర్తి గారూ. బి మనిషికి పనికిరాదు. మళ్లీ తమ్ముడి దగ్గరికే వచ్చాం.

ఉద్దానం_గొంతు
తమ్ముడు అని అంత తేలిగ్గా అనకండి బుజ్జీ. కవిటి మండలం అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస... శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఈ మండలాల్లో వచ్చే కిడ్నీ జబ్బు షుగర్ వల్ల వచ్చేదీ కాదు, బీపీ వల్ల వచ్చేదీ కాదు. కిడ్నీలోని సన్నటి గొట్టాలూ, వాటి మధ్య కణజాలమూ మెల్లగా మచ్చకట్టుకుపోతుంది. దీంట్లో యూరిన్ ప్రోటీన్ చాలా కాలం నిల్ అనో ట్రేస్ అనో వస్తుంది. నురగ ఉండదు, కాళ్ల వాపు ఉండదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చిన ఇళ్లు ఊరికి ఎన్నో ఉన్నాయి. అన్నకి 34కి వచ్చింది. తమ్ముడు అదే నీళ్లు తాగి, అదే తోటల్లో, అదే ఎండలో పని చేస్తున్నాడు. 29 ఏళ్లకి క్రియాటినిన్ 1.2. యూరిన్‌లో ప్రోటీన్ నిల్ అన్నది ఇక్కడ ధైర్యం చెప్పే రిపోర్టు కాదు.

నెఫ్రో_వైజాగ్
ఈ చర్చలో అసలు మాట ఇదే, ఆయనే అన్నారు. 29 ఏళ్ల మగవాడికి 1.2 అంటే లెక్క కడితే జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి వడపోసే కొలత, 80 కొంచెం పైన వస్తుంది. ఆ వయసుకి 110 దరిదాపుల్లో ఉండాలి. బాగా కండ పట్టిన మనిషైతే క్రియాటినిన్ ఎక్కువ చూపించవచ్చు, ముందు రోజు మాంసం బాగా తిన్నా పెరుగుతుంది. కాబట్టి జబ్బు ఉందని అనను. కానీ ఆ అనుమానం తీరకుండా అతన్ని టేబుల్ ఎక్కించకూడదు.

తమ్ముడికి చేయించాల్సినవి: రెండు మూడు నెలల తేడాతో మూడుసార్లు క్రియాటినిన్, ఒకే ల్యాబులో. డీటీపీఏ స్కాన్‌తో కొలిచిన జీఎఫ్ఆర్. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ పొడవు, 9 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే వెంటనే ఆగిపోవాలి. యూరిన్‌లో మామూలు ప్రోటీన్‌తో సరిపెట్టకుండా ఆల్ఫా-1 లేదా బీటా-2 మైక్రోగ్లోబులిన్, గొట్టాలు దెబ్బతింటే ముందు పెరిగేవి ఇవే. అప్పటికీ తేలకపోతే బయాప్సీ.

బరంపురం_బుజ్జి
సరే, కవిటి సంగతి నేను చూడలేదు. కానీ అదే మాట అమ్మకీ వర్తిస్తుంది కదా? ఆవిడా అదే ఊరు.

ఉద్దానం_గొంతు
వర్తిస్తుంది. కాకపోతే ఆవిడ 58 ఏళ్లు ఆ ఊళ్లోనే గడిపి 0.8 దగ్గర ఉంది. రావలసిన వయసు దాటిన మనిషికీ, ఇంకా ఆ వయసులోకి అడుగుపెట్టని కుర్రాడికీ తేడా లేదా?

ట్రాన్స్‌ప్లాంట్_కోఆర్డినేటర్
తేడా ఉంది, దానికి అంకెలు కూడా ఉన్నాయి. ఒక కిడ్నీ ఇచ్చినవాళ్లకి జీవితకాలంలో తమ కిడ్నీయే పాడయ్యే అవకాశం 10,000 మందిలో 90 అని 2014లో అమెరికాలో లెక్క వచ్చింది. అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్లలో 14. మామూలు జనంలో 326. అంటే తక్కువే, కానీ సున్నా కాదు. ఆ ప్రమాదం ఏళ్ల మీద పేరుకునేది. 58 ఏళ్ల దాత ముందు పాతికేళ్లు ఉంటే, 29 ఏళ్ల దాత ముందు యాభై ఏళ్లు ఉన్నాయి. అది కూడా కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఊరు కాని చోట వేసిన లెక్క.

కాశీనగరం_శ్రీను
అంటే అమ్మ కిడ్నీ తమ్ముడి కిడ్నీ కంటే ఎక్కువ కాలం వస్తుందంటారా?

నెఫ్రో_వైజాగ్
రాదు. కాగితం మీద కుర్రాడి కిడ్నీయే ఎక్కువ నిలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ కిడ్నీలో వడపోత గింజలు తగ్గుతాయి, 46 కిలోల మనిషి కిడ్నీ చిన్నది కూడా. పెట్టాక క్రియాటినిన్ 0.9కి కాక 1.3, 1.4 దగ్గర నిలబడవచ్చు. అది కూడా బాగా నడిచే కిడ్నీయే. కానీ మహేంద్రతనయ గారు ఒక్క కిడ్నీ సంగతే అడిగారు. లెక్క వేయాల్సింది ఇద్దరి కిడ్నీల గురించి. పదేళ్ల తర్వాత అన్న కిడ్నీ బాగుండి తమ్ముడు డయాలసిస్ మీద ఉంటే ఆ ఆపరేషన్ గెలిచినట్టు కాదు.

ఇంకోటి. 34 ఏళ్ల మనిషికి జీవితంలో రెండో కిడ్నీ కూడా కావాల్సి రావచ్చు. ఇప్పుడు అమ్మది వాడితే, పన్నెండు పదిహేనేళ్లకి తమ్ముడు 40 దాటి ఉంటాడు, అతనికి జబ్బు ఉందో లేదో తేలిపోయి ఉంటుంది. ఇప్పుడు తమ్ముడిది వాడేస్తే అప్పటికి అమ్మ వయసు 70 దాటి ఉంటుంది.

గుణుపురం_ఫార్మా
ఈ కోణం నాకు తట్టలేదు. నా ఓటు మార్చుకుంటున్నా.

మహేంద్రతనయ
అమ్మకి బీపీ మాత్ర ఉంది కదా, దాంతో వద్దనరా?

ట్రాన్స్‌ప్లాంట్_కోఆర్డినేటర్
ఒకటి రెండు మాత్రలతో అదుపులో ఉండి, గుండె గోడ మందం కాకుండా, కంటి వెనక నరాలు బాగుండి, యూరిన్‌లో ఆల్బుమిన్ లేకపోతే ఆ వయసులో తీసుకుంటారు. 24 గంటల బీపీ మానిటర్ కడతారు, ఎకో తీస్తారు. షుగర్ పరగడుపున బాగుందని వదలరు, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకి చూస్తారు. ఆడవాళ్లకి పాప్ స్మియర్, మామోగ్రామ్ తప్పవు, క్యాన్సర్ కణం కిడ్నీతో పాటు వెళ్లకూడదు కాబట్టి. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లయితే మలేరియా స్మియర్ కూడా అడిగి చేయించండి. దాత రక్తంలో మలేరియా దాగుండి, మందులతో ఇమ్యూనిటీ అణిచిన పేషెంటు ఒంట్లోకి వెళితే పెద్ద ప్రమాదం.

ల్యాబ్_మూర్తి
అమ్మ క్రియాటినిన్ 0.8 బాగుంది అని అందరూ అంటున్నారు. ఒకే అంకెకి రెండు లెక్కలు వేసి చూడండి. సీకేడీ-ఈపీఐ ఫార్ములాలో జీఎఫ్ఆర్ 80 దాటుతుంది. పాత కాక్‌క్రాఫ్ట్ ఫార్ములాలో, 58 ఏళ్లు, 46 కిలోలు, ఆడమనిషి అని వేస్తే 56 కూడా రాదు. బక్కపల్చని వాళ్లకి కండ తక్కువ, కండ నుంచి వచ్చేదే క్రియాటినిన్, అందుకే ఈ తేడా. డీటీపీఏ చేయించి కొలిచిన అంకే నమ్మండి. 90 పైన ఉంటే నిశ్చింత, 60 కంటే తక్కువైతే వద్దు, మధ్యలో అయితే వయసు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ఆ స్కాన్‌లోనే కుడి ఎడమ విడిగా వస్తుంది. ఒకటి 55, ఇంకోటి 45 అయితే 55ది అమ్మకే ఉంచాలి. బాగున్న కిడ్నీ ఎప్పుడూ దాతకే, అది నియమం.

24 గంటల యూరిన్ విషయంలో సగం మంది తప్పు చేస్తారు. పొద్దున్న ఆరింటికి లేచి మొదటి యూరిన్ బయట పోసేయాలి, క్యాన్‌లో పోయకూడదు. అప్పటి టైం క్యాన్ మీద రాయాలి. తర్వాత ప్రతి చుక్కా క్యాన్‌లోకే, దొడ్డికి వెళ్లినప్పుడు కూడా ముందు యూరిన్ పట్టాకే. మర్నాడు ఆరింటికి వచ్చే యూరిన్ క్యాన్‌లో పోసి ఆపాలి. సేకరణ సరిగ్గా జరిగిందా లేదా అన్నది మొత్తం క్రియాటినిన్ చెప్తుంది. ఆడవాళ్లకి కిలోకి సుమారు 15 మిల్లీగ్రాములు రావాలి, వయసు మీద పడితే 10 దాకా దిగొచ్చు. 46 కిలోల మనిషికి 300 వచ్చిందంటే ఎక్కడో రెండు మూడుసార్లు బయట పోసేశారు. మళ్లీ పట్టండి.

తోట పని నుంచి నేరుగా తీసుకురాకండి. రెండు రోజులు నీడన ఉంచి, నీళ్లు బాగా తాగించి, నొప్పి మాత్రలు వారం మానిపించి అప్పుడు రక్తం ఇవ్వండి.

డయాలసిస్_టెక్నీషియన్
పేషెంటు వైపు ఒక మాట. ఈ అయిదు నెలల్లో రక్తం ఎక్కించారా?

మహేంద్రతనయ
రెండు బాటిళ్లు. హిమోగ్లోబిన్ 6.2 అయితే ఎక్కించారు.

డయాలసిస్_టెక్నీషియన్
ఇక మీదట వీలైనంత వరకూ వద్దనండి. ఎక్కించిన ప్రతి బాటిల్‌లో వేరేవాళ్ల తెల్లకణాలు ఉంటాయి, వాటి హెచ్ఎల్ఏకి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేస్తుంది. తర్వాత అమ్మ కిడ్నీకో తమ్ముడి కిడ్నీకో అవే అడ్డొస్తాయి. ఐరన్ ఇంజెక్షన్, రక్తం పట్టించే ఎరిత్రోపోయిటిన్ వారానికి రెండు మూడుసార్లు సరిగ్గా పడితే హిమోగ్లోబిన్ 10 దాకా తేవచ్చు. తప్పనిసరైతే తెల్లకణాలు తీసిన రక్తం అడగండి, రక్తసంబంధీకుల రక్తం మాత్రం ఎక్కించకండి. చివరి బాటిల్ ఎక్కిన రెండు మూడు వారాల తర్వాత క్రాస్‌మ్యాచ్ చేయిస్తేనే అసలు రంగు తెలుస్తుంది.

ల్యాబ్_మూర్తి
రెండు బాటిళ్లు ఎక్కాయి కాబట్టి సీడీసీ క్రాస్‌మ్యాచ్ ఒక్కటితో ఆగకండి. దాత తెల్లకణాలూ పేషెంటు సీరమూ కలిపి కణాలు చస్తాయా అని చూసేది అది, యాంటీబాడీ బాగా ఎక్కువుంటేనే పట్టుకుంటుంది. ఫ్లో క్రాస్‌మ్యాచ్, లూమినెక్స్ పద్ధతిలో డీఎస్ఏ (ఆ దాత హెచ్ఎల్ఏ మీదే ఉన్న యాంటీబాడీ) పరీక్ష కూడా చేయించండి. సగం మ్యాచ్ అయి డీఎస్ఏ లేని అమ్మ, ఎక్కువ మ్యాచ్ అయి డీఎస్ఏ ఉన్న తమ్ముడి కంటే మేలు.

పాతపట్నం_పంతులు
భార్య సంగతి పూర్తిగా వదిలేశారు. ఆవిడ ఊరు ఏది? ఉద్దానం కాకపోతే ముగ్గురిలోనూ క్షేమమైన దాత ఆవిడే కదా?

మహేంద్రతనయ
ఆవిడది రాయగడ వైపు. ఇద్దరు పిల్లలు.

ట్రాన్స్‌ప్లాంట్_కోఆర్డినేటర్
పంతులు గారి మాట నిజం. గ్రూపు కలవకపోతే రెండు దారులు. ఒకటి స్వాప్: పేషెంటు ఏ, ఇచ్చేవాళ్లు బి ఉన్న ఇంకో జంట దొరికితే ఒకరిది ఒకరికి. 2011 సవరణ నుంచి దీనికి అవయవ మార్పిడి చట్టంలో చోటుంది. రెండు జంటల్లోనూ దాత దగ్గరి బంధువై ఉండాలి, ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి, ఆపరేషన్లు ఒకేసారి చేస్తారు, మధ్యలో ఎవరూ వెనక్కి తగ్గకుండా. ఏ, బి జంటలు ఎదురుబొదురుగా దొరకడం మిగతావాటి కంటే సులువు.

రెండోది గ్రూపు కలవకుండానే పెట్టడం. యాంటీబాడీలు తయారవకుండా రిటుక్సిమాబ్ మందు ఇచ్చి, రెండు మూడు వారాలకి ప్లాస్మా ఎక్స్ఛేంజ్‌లు చేసి, ఏ గ్రూపు మీద ఉన్న యాంటీబాడీ టైటర్ (ఎంత ఉందన్న కొలత) 1:8కి దింపి ఆపరేషన్ చేస్తారు. ఖర్చు లక్షల్లో పెరుగుతుంది, మొదటి మూడు నెలల్లో ఇన్ఫెక్షన్లు కూడా ఎక్కువ. ఓ గ్రూపు అమ్మ సరిపోతే ఈ దారికి వెళ్లను.

గుణుపురం_ఫార్మా
రెండు రాష్ట్రాల కాగితాలు ఎలాగ? పేషెంటు ఒడిశా, అమ్మ ఆంధ్రా.

ట్రాన్స్‌ప్లాంట్_కోఆర్డినేటర్
భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతయ్యలు, బామ్మ అమ్మమ్మలు, మనవలు. వీళ్లే 1994 చట్టం ప్రకారం దగ్గరి బంధువులు, తాతలూ మనవలూ 2011లో చేరారు. వీళ్లకి ఆస్పత్రిలోనే అనుమతి అయిపోతుంది. పిన్ని, బాబాయ్, మేనమామ, బావ, వదిన ఎంత దగ్గరైనా ఆ జాబితాలో లేరు, కమిటీ ముందుకెళ్లాల్సిందే. ఫారం 1 రక్తసంబంధీకులకి, ఫారం 2 భార్యాభర్తలకి, ఫారం 3 మిగతావాళ్లకి.

సరిహద్దు వాళ్లకి చిక్కంతా పేరు దగ్గరే. కొడుకు ఒడిశా ఆధార్‌లో తల్లి పేరు ఒడియా పలుకుబడిలో రాసి ఉంటుంది, తల్లి ఆంధ్రా ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, బడి సర్టిఫికెట్లో మూడో రకం. ఒక్క అక్షరం తేడాకి ఫైలు వెనక్కి వస్తుంది. డయాలసిస్ మొదలైన వారమే ఆధార్ దిద్దించుకోండి, రెండు వైపులా తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. ఒడియాలో ఉన్నదానికి నోటరీ అనువాదం జత చేయండి. బంధుత్వం కాగితాలతో తేలకపోతే హెచ్ఎల్ఏ, డీఎన్ఏ పరీక్ష అడుగుతారు.

దాత ఆడమనిషి అయితే ఆమె గుర్తింపునీ, ఆమె ఇష్టంతోనే ఇస్తోందన్న మాటనీ పేషెంటు కాక వేరొకరు నిర్ధారించాలని 2014 నిబంధనల్లో ఉంది. అమ్మతో విడిగా మాట్లాడతారు, వీడియో తీస్తారు. ఒడియా మాట్లాడే ఆస్పత్రి అయితే తెలుగు వచ్చినవాళ్లు ఉండేలా ముందే అడగండి. ఆవిడకి అర్థమై చెప్పాలి.

ఆరోగ్య పథకం కార్డు పేషెంటుది చూస్తారు, దాతది కాదు. ఆ ఆస్పత్రిలో ఆ కార్డుకి ట్రాన్స్‌ప్లాంట్ ప్యాకేజీ ఉందా, దాత పరీక్షలు అందులోనే వస్తాయా అన్నవి రాతపూర్వకంగా అడగండి.

కాశీనగరం_శ్రీను
పాత కిడ్నీలు తీసేసి అక్కడే కొత్తది పెడతారా?

నెఫ్రో_వైజాగ్
పాతవి అక్కడే ఉంటాయి. కొత్తది కింద పొట్టలో, ఎక్కువగా కుడి తుంటి ఎముక లోపలి వైపు పెడతారు. తుంటి దగ్గరి రక్తనాళాలకి ధమని, సిర కుడతారు, కిడ్నీ నుంచి యూరిన్ తెచ్చే గొట్టం యురేటర్‌ని మూత్రాశయంలో కుడతారు. దాత దగ్గర ఎక్కువగా ఎడమ కిడ్నీ తీస్తారు, దాని సిర పొడుగు, కుట్టడానికి వీలు. దాతకి నాలుగు చిన్న రంధ్రాలు, బయటికి తీయడానికి పొత్తికడుపు దిగువన ఏడెనిమిది సెంటీమీటర్ల కోత. మూడు నాలుగు రోజుల్లో ఇంటికి.

ఐస్ నీళ్లతో కడిగిన కిడ్నీ కుట్టేటప్పుడు బూడిద రంగులో, మెత్తగా ఉంటుంది. క్లాంపులు తీయగానే చూస్తుండగా గులాబీ రంగు ఎక్కి, చేతికి గట్టిగా తగులుతుంది. కొద్ది నిమిషాల్లో ఇంకా కుట్టని యురేటర్ చివర యూరిన్ చుక్కలు కనిపిస్తాయి. బతికున్న దాత కిడ్నీ అయితే ఆ రాత్రే లీటర్ల కొద్దీ పోస్తుంది, గంటగంటకీ కొలిచి అంత సెలైన్ ఎక్కిస్తారు. 8 ఉన్న క్రియాటినిన్ నాలుగైదు రోజుల్లో 1.5 కిందికి దిగుతుంది.

బరంపురం_బుజ్జి
అంటే ఒంట్లో మూడు కిడ్నీలు! పెళ్లి చూపుల్లో చెప్పుకోవచ్చు.

డయాలసిస్_టెక్నీషియన్
పెళ్లి చూపుల్లో చెప్పినా చెప్పకపోయినా స్కానింగ్ సెంటర్లో ముందే చెప్పండి. తెలియనివాళ్లు కుడివైపు గడ్డ ఉందని రాసిచ్చేస్తారు.

యురేటర్ లోపల డీజే స్టెంట్ అని సన్నటి గొట్టం పెడతారు. రెండు నుంచి ఆరు వారాల్లో తీయించేయాలి. ఊరు దూరమని, నొప్పి లేదని వదిలేసేవాళ్లున్నారు. దాని మీద రాయి కట్టి, యూరిన్ ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కుతుంది. తీసే తేదీ డిశ్చార్జి కాగితం మీద పెద్దక్షరాలతో రాయించుకోండి.

గుణుపురం_ఫార్మా
ఇక మందుల సంగతి నాది. ఎవరి కిడ్నీ అన్నదాని కంటే ఇది ఎక్కువ తేడా చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా, అంటే రిజెక్షన్ రాకుండా, ఇచ్చే మందుల్లో టాక్రోలిమస్ 12 గంటలకి ఒకసారి. పొద్దున్న 9 అంటే రాత్రి 9. తిండికి గంట ముందో, రెండు గంటల తర్వాతో, రోజూ ఒకేలాగ. మైకోఫెనోలేట్ రెండుపూటలా. ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాములతో మొదలై మెల్లగా 5కి దిగుతుంది. ఇన్ఫెక్షన్లు రాకుండా సెప్ట్రాన్ రకం మాత్ర ఆరు నెలల నుంచి ఏడాది, సీఎంవీ అనే వైరస్‌కి వాల్‌గ్యాన్‌సైక్లోవిర్ మూడు నెలలు.

టాక్రో కంపెనీ మార్చకండి. షాపులో లేదని వేరే బ్రాండ్ ఇస్తే డాక్టరుకి చెప్పి, వారం లోపు రక్తంలో మందు లెవెల్ చూపించుకోవాలి. పర్లాకిమిడిలో అన్ని షాపుల్లోనూ దొరకవు. చేతిలో ఎప్పుడూ 15 రోజుల సరుకు ఉండాలి, వానాకాలం అయితే నెల.

లెవెల్ పెంచేవి: డిల్టియాజెమ్, ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, పంపర పనస. తగ్గించేవి: రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమజెపిన్. టీబీ వచ్చి లోకల్‌గా మామూలు కోర్సు మొదలుపెట్టేస్తే వారం పది రోజుల్లో టాక్రో లెవెల్ పడిపోయి రిజెక్షన్ వస్తుంది. టీబీ మందు మొదటి మాత్ర మింగే ముందే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకి ఫోన్. డైక్లోఫెనాక్ సూది ఎవరు ఎంత ప్రేమగా వేస్తామన్నా వద్దు. తిప్పతీగ కషాయం, ఇమ్యూనిటీ పెంచే పొడులూ వద్దు. ఇమ్యూనిటీ అణచడానికే ఇన్ని మందులు.

పాతపట్నం_పంతులు
పంపర పనస కూడానా? కార్తీకంలో మన వైపు ఏ పెరట్లో చూసినా అదే.

గుణుపురం_ఫార్మా
అదే పంతులు గారూ. ఒక్క తొన కూడా వద్దు. బత్తాయి, కమలా తినొచ్చు.

ల్యాబ్_మూర్తి
లెవెల్ రక్తం గురించి. ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో పూర్తి రక్తం కావాలి. టాక్రో ఎర్రకణాల్లో ఉంటుంది. కలెక్షన్ సెంటర్లో కొత్త కుర్రాడు అలవాటుగా ఎర్ర మూత ట్యూబులో తీసి సీరం వేరుచేసి పంపితే ఆ టెస్టు పోయినట్టే, డబ్బులూ పోయినట్టే. దగ్గరుండి ట్యూబు మూత చూడండి.

రాత్రి 9కి వేసుకుంటే పొద్దున్న 8.45కి రక్తం ఇచ్చి, మాత్ర జేబులో పెట్టుకెళ్లి అప్పుడు వేసుకోవాలి. వేసుకుని వెళితే లెవెల్ 20 చూపిస్తుంది, డోసు తగ్గిస్తారు, రిజెక్షన్ వస్తుంది. మొదటి మూడు నెలలు 8 నుంచి 10, తర్వాత 5 నుంచి 8 మధ్య ఉంచుతారు. విరేచనాలు అయితే లెవెల్ పెరుగుతుంది, తగ్గదు. అది చాలామందికి తెలియదు.

నెఫ్రో_వైజాగ్
క్రియాటినిన్ తన సొంత అంకె కంటే పావు వంతు పెరిగితే, 1.2 నుంచి 1.5 అయితే, అదే వారం చూపించాలి. వచ్చే నెల చెకప్ దాకా ఆగకూడదు. నీళ్లు తగ్గడం, లెవెల్ ఎక్కువవడం, ఇన్ఫెక్షన్, యూరిన్ దారికి అడ్డం పడటం, రిజెక్షన్, బీకే వైరస్, ఏదైనా కావచ్చు, బయాప్సీ అవసరం పడొచ్చు. మొదట్లోనే పట్టుకున్న సెల్ రిజెక్షన్ మిథైల్ ప్రెడ్నిసొలోన్ 500 మిల్లీగ్రాములు మూడు రోజులు ఇస్తే ఎక్కువ మందిలో వెనక్కి తిరుగుతుంది. నెల ఆలస్యమైతే మచ్చ పడుతుంది, అది తిరగదు.

జ్వరం 100.4 దాటితే అదే రోజు. గజపతి, రాయగడలో ఉంటే మలేరియా కార్డు టెస్టు కూడా అదే రోజు.

మొదటి మూడు నెలలు ఆస్పత్రి దగ్గర గది తీసుకోండి. మొదటి నెల వారానికి రెండుసార్లు రక్తం, తర్వాత వారానికోసారి. పర్లాకిమిడి నుంచి అన్నిసార్లు తిరగలేరు.

ఉద్దానం_గొంతు
అమ్మ గురించి కూడా రాయండి. ఆపరేషన్ అయ్యాక దాతని అందరూ మర్చిపోతారు.

ట్రాన్స్‌ప్లాంట్_కోఆర్డినేటర్
ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. క్రియాటినిన్ 0.8 నుంచి 1.1 దాకా పెరుగుతుంది. మిగిలిన కిడ్నీ పెద్దదై మొదటి రెండింటి పనిలో మూడింట రెండు వంతులు తనే చేస్తుంది. రిపోర్టు మీద కిడ్నీ జబ్బు అని కంప్యూటర్ ముద్రిస్తే హడలిపోవద్దు. ఆరు నెలలకి ఒకసారి, తర్వాత ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్. ఇది జన్మంతా. ఎండలో తోట పని మానిపించండి, నొప్పి మాత్రలు అసలు వద్దు. వీలైతే ఆవిడని పర్లాకిమిడి తెచ్చేసుకోండి.

మహేంద్రతనయ
అందరి పోస్టులూ ప్రింటు తీసి ఇంట్లో చదివి వినిపించాం. తమ్ముడు అయిష్టంగానే ఒప్పుకున్నాడు, ముందు తన పరీక్షలు తనకోసం చేయించుకోవడానికి. అమ్మకి సోమవారం యూరిన్ క్యాన్, గురువారం డీటీపీఏ. మూర్తి గారూ, క్యాన్ ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

ల్యాబ్_మూర్తి
చల్లటి చోట, ఎండ తగలకుండా. ఫ్రిజ్ ఉంటే కింది అరలో, లేకపోతే బకెట్‌లో చల్లనీళ్లు పోసి అందులో నిలబెట్టండి, మధ్యాహ్నం నీళ్లు మార్చండి. మూత బిగించి ఉంచండి. గురువారం డీటీపీఏకి వెళ్లే ముందు అమ్మ చేత అరలీటరు నీళ్లు తాగించండి.